ఫారిన్ గార్మెంట్ ఆర్డర్ ఒప్పుకునే ముందు డ్యూటీ, ఒరిజిన్, సస్టైనబిలిటీ రూల్స్ ఎలా చూస్కోవాలి

గుంటూరు వైపు స్పిన్నింగ్ మిల్లులున్న ఇళ్ళ పిల్లలు, హైదరాబాద్ లో ఫ్యాషన్ కోర్స్ చేసి చిన్న యూనిట్ పెట్టుకున్నవాళ్ళు, తిరుపూర్ లోనో బెంగుళూరులోనో మర్చండైజర్ గా చేస్తున్న మనవాళ్ళు, ఎవర్ని కదిలించినా ఒకటే ప్రశ్న. బయ్యర్ శాంపిల్ బాగుందన్నాడు, రేటు కూడా పర్లేదన్నాడు, తీరా ఆర్డర్ మాత్రం బంగ్లాదేశ్ కో వియత్నాంకో ఇచ్చేశాడు, ఏంటిది అని. అందరూ కుట్టుకూలి తేడా అనుకుంటారు. కూలీ ఒక కారణమే గానీ చాలా ఆర్డర్లు పోయేది డ్యూటీ (బయ్యర్ దేశంలో కట్టే దిగుమతి పన్ను) లెక్క దగ్గర, ఇంకా ఈమధ్య ఎక్కువగా "ఈ పత్తి ఎక్కడిది చూపించు" అన్న దగ్గర. ఈ రెండూ వేర్వేరు డిపార్ట్ మెంట్ల పనులని చాలా యూనిట్లలో విడివిడిగా చూస్తారు, ఎక్స్ పోర్ట్ డాక్యుమెంట్లు ఒకళ్ళు, కంప్లయన్స్ ఇంకొకళ్ళు. నేను చెప్పేదేంటంటే రెండూ అడిగేది ఒక్కటే, దారం ఎక్కడిది, బట్ట ఎక్కడ తయారైంది, ఎవరు చేశారు అని. కాబట్టి కోట్ ఇవ్వకముందే రెండూ కలిపి చూస్కోవాలి. ఎలా చూస్కోవాలో వరసగా చెప్తాను.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 1974 నుంచి మల్టీ ఫైబర్ అరేంజ్ మెంట్ అని ఒకటుండేది, దాని కింద అమెరికా, యూరప్ ఒక్కో దేశానికి ఇన్ని షర్టులు ఇన్ని ప్యాంట్లు అని కోటా పెట్టేవి. అది పదేళ్ళలో దశలవారీగా తీసేసి 2005 జనవరి 1 కి పూర్తిగా ఎత్తేశారు. కోటా పోయాక ఎవరైనా ఎంతైనా అమ్ముకోవచ్చు, కానీ డ్యూటీ పోలేదు. మిగతా సరుకుల మీద డ్యూటీలు బాగా తగ్గినా బట్టల మీద అలాగే ఎక్కువగా ఉండిపోయాయి, అందుకే చాలా సరుకుల కన్నా బట్టల్లో ట్రేడ్ అగ్రిమెంట్ విలువ ఎక్కువ.

మొదట కోడ్, అందులోనూ ఫైబర్

మొదటి పని హెచ్ఎస్ కోడ్, అంటే కస్టమ్స్ వాళ్ళు సరుకుని గుర్తుపట్టే నంబరు, తేల్చుకోవడం. నిట్ చేసిన రెడీమేడ్ బట్టలు దాదాపు అన్నీ 61వ చాప్టర్, నేసిన బట్టతో కుట్టినవి 62, దుప్పట్లు టవల్స్ లాంటివి 63. టీషర్ట్ 6109. ఇంతవరకు అందరికీ తెలుసు. చాలామంది పట్టించుకోనిది ఫైబర్ కంపోజిషన్ సంగతి, డబ్బంతా అక్కడే ఉంది.

అమెరికాలో కాటన్ టీషర్ట్ మీద మామూలు డ్యూటీ 16.5 శాతం. అదే పాలియెస్టర్ టీషర్ట్ అయితే 32 శాతం. ఇప్పుడు కాటన్, పాలియెస్టర్ కలిసిన బ్లెండ్ తీసుకోండి. బరువులో ఏది ఎక్కువుంటే ఆ ఫైబర్ కింద లెక్క. 52 శాతం కాటన్, 48 శాతం పాలియెస్టర్ అయితే అది కాటన్ టీషర్ట్. తిరగేసి 52 పాలియెస్టర్, 48 కాటన్ అయితే పాలియెస్టర్ రేటు. మరి సరిగ్గా సగం సగం అయితే? టారిఫ్ రూల్ ప్రకారం సమానంగా ఉన్నప్పుడు వరసలో చివరొచ్చే హెడింగ్ కింద పడుతుంది, అంటే పాలియెస్టర్ కిందకే. 4 డాలర్ల ఎఫ్ఓబీ (మన పోర్ట్ లో ఓడ ఎక్కించేదాకా అయ్యే రేటు) ముక్క మీద 16.5 శాతం అంటే 66 సెంట్లు, 32 శాతం అంటే డాలరు 28 సెంట్లు. తేడా 62 సెంట్లు, పదివేల ముక్కల మీద 6,200 డాలర్లు. బట్ట చేతికి దాదాపు ఒకేలా ఉంటుంది, వాడుకలో తేడా కూడా పెద్దగా తెలీదు. అందుకే డిజైనర్ 50-50 అని టెక్ ప్యాక్ (డ్రెస్ వివరాలన్నీ ఉండే షీట్) లో రాసి పంపిస్తే గుడ్డిగా బట్ట బుక్ చేయకుండా "కాటన్ 55, పాలియెస్టర్ 45 చేద్దామా, డ్యూటీ దాదాపు సగానికి సగం తగ్గుతుంది" అని బయ్యర్ కి ఒక మెయిల్ పెట్టండి. ఆ ఒక్క మెయిల్ తో వాళ్ళ దగ్గర మీ విలువ పెరుగుతుంది. కానీ ఒక జాగ్రత్త, ల్యాబ్ టెస్ట్ లో రెండు మూడు శాతం అటూ ఇటూ వస్తుంది కాబట్టి 51-49 అని అంచు మీద పెట్టుకోవద్దు, 55-45 లేదా 60-40 అయితే ప్రశాంతంగా ఉంటారు.

డ్యూటీతో కలిపి ఎంత పడుతుందో మీరే లెక్క కట్టండి

డ్యూటీ కట్టేది బయ్యరే కదా మనకెందుకు అనుకోవద్దు. బయ్యర్ పక్కపక్కన పెట్టి చూసేది మన ఎఫ్ఓబీని కాదు, తన గోడౌన్ లో దిగేసరికి ఎంత పడిందన్నదే చూస్తాడు. యూరోపియన్ యూనియన్ లో టీషర్ట్ మీద రాయితీ ఏమీ లేని దేశానికి 12 శాతం. బంగ్లాదేశ్ కి వెనుకబడిన దేశాల స్కీమ్ కింద సున్నా. మనం 4 డాలర్లకి ఇచ్చి పూర్తి 12 శాతమూ పడిందనుకుంటే 4.48 అవుతుంది. బంగ్లాదేశ్ లో వాళ్ళు 4.40 కోట్ చేసినా బయ్యర్ కి మనకన్నా 8 సెంట్లు చవకే. అంటే అలాంటప్పుడు వాళ్ళు మనకన్నా 40 సెంట్లు ఎక్కువ తీసుకుని కూడా ఆర్డర్ గెలుస్తారు. ఈ లెక్క ముందే తెలిస్తే ఏ మార్కెట్ లో పోటీ పడాలో, ఏ మార్కెట్ లో టైమ్ వేస్ట్ చేసుకోకూడదో తెలుస్తుంది.

మార్కెట్ యాక్సెస్ విషయంలో మనకి బాగున్న చోట్లు కూడా ఉన్నాయి. యూఏఈతో ఒప్పందం 2022 మే 1 నుంచి, ఆస్ట్రేలియాతో 2022 డిసెంబర్ 29 నుంచి అమల్లో ఉంది, జపాన్ తో అయితే 2011 ఆగస్ట్ నుంచే ఉంది. చిన్న యూనిట్లు ఎప్పుడూ అమెరికా యూరప్ అనే కలవరిస్తాయి గానీ ఆస్ట్రేలియాలో చిన్న చిన్న బ్రాండ్లు తక్కువ క్వాంటిటీ కూడా ఇస్తారు, మొదలు పెట్టేవాళ్ళకి అది మంచి చోటని నా అభిప్రాయం.

ఇక్కడ తప్పకుండా గుర్తుపెట్టుకోవాల్సింది, సంతకం అయిన రోజు వేరు, అమల్లోకొచ్చే రోజు వేరు. స్విట్జర్లాండ్, నార్వే, ఐస్ లాండ్, లీచ్టెన్ స్టైన్ ఉన్న ఈఎఫ్టీఏ గ్రూప్ తో 2024 మార్చి 10న సంతకం చేశాం, అమల్లోకి వచ్చింది 2025 అక్టోబర్ 1న. బ్రిటన్ తో ఒప్పందం 2025 జులై 24న సంతకం అయినప్పుడు ఆ మర్నాటి నుంచే జీరో డ్యూటీ అన్నట్టు వాట్సాప్ లో తెగ తిరిగింది. పేపర్లో వచ్చిన హెడ్ లైన్ చూసి కోట్ ఇవ్వొద్దు, మీ సరుకు దిగే తేదీకి ఆ ఒప్పందం నడుస్తోందా, మీ కోడ్ ఆ లిస్ట్ లో ఉందా, ఉంటే మొదటి రోజే సున్నానా లేక ఏళ్ళ తరబడి తగ్గుతూ వచ్చేదా అని ఆ దేశం కస్టమ్స్ సైట్ లోనే చూస్కోండి.

రూల్స్ ఆఫ్ ఒరిజిన్, అసలు కథ ఇక్కడ

ఒప్పందం ఉన్నంత మాత్రాన ఇండియాలో కుట్టిన ప్రతిదానికీ రాయితీ రాదు. ఎన్ని దశలు మన దేశంలో జరగాలి అన్నది ఒక్కో ఒప్పందంలో ఒక్కోలా ఉంటుంది. మోటుగా మూడు రకాలు.

ఒక దశ చాలు అంటే, బట్ట ఎక్కడ్నుంచైనా తెచ్చుకుని కటింగ్, కుట్టు మీ దేశంలో చేస్తే చాలు. యూరప్ 2011 జనవరి నుంచి బంగ్లాదేశ్ లాంటి దేశాలకి ఈ వెసులుబాటు ఇచ్చింది. అక్కడ కుట్టు ఇండస్ట్రీ అంత పెరగడానికి ఇది పెద్ద కారణం, చైనా బట్ట తెచ్చి కుట్టి జీరో డ్యూటీలో యూరప్ పంపొచ్చు.

రెండు దశలు అంటే, బట్ట నేయడం లేదా నిట్టింగ్, ఆ పైన కుట్టు, రెండూ అక్కడే జరగాలి. 2020 ఆగస్ట్ 1 నుంచి అమల్లో ఉన్న యూరప్-వియత్నాం ఒప్పందం ఇలాంటిది. వియత్నాం ఫ్యాక్టరీలు ఎక్కువగా చైనా బట్ట మీద ఆధారపడతాయి కాబట్టి ఒప్పందం ఉన్నా అందరికీ లాభం అందలేదు, అయితే కొరియా బట్ట వాడినా లెక్కలోకి వస్తుందని ఒక దారి పెట్టుకున్నారు.

మూడు దశలు అంటే దారం దగ్గర్నుంచే. దారం వడకడం, బట్ట, కుట్టు అన్నీ ఒప్పందంలో ఉన్న దేశాల్లోనే జరగాలి. అమెరికా-మెక్సికో-కెనడా ఒప్పందం, సెంట్రల్ అమెరికా దేశాలతో అమెరికా చేసుకున్న ఒప్పందం, పసిఫిక్ దేశాల సీపీటీపీపీ, వీటిల్లో చాలా బట్టలకి ఇదే రూలు. హోండురాస్ లోనో ఎల్ సాల్వడార్ లోనో కుట్టే టీషర్ట్ అమెరికా దారంతో ఎందుకు తయారవుతుందో ఇప్పుడు అర్థమయ్యుంటుంది, అమెరికన్ స్పిన్నింగ్ మిల్లుల్ని నిలబెట్టడానికే ఆ రూలు రాయించుకున్నారు.

మన స్పిన్నింగ్ మిల్లులవాళ్ళు ఇది ఇంకో వైపు నుంచి చూడాలి. మన దారం బోలెడంత బంగ్లాదేశ్ కి పోతుంది, అక్కడ టీషర్ట్ అయ్యి యూరప్ కి డ్యూటీ లేకుండా వెళ్తుంది. షెడ్యూల్ ప్రకారం బంగ్లాదేశ్ 2026 నవంబర్ 24కి వెనుకబడిన దేశాల లిస్ట్ నుంచి బయటికి రావాలి, ఆ తర్వాత కూడా యూరప్ మూడేళ్ళు పాత రాయితీ కొనసాగిస్తుంది. ఆ గడువు దాటాక రెండు దశల రూలు వస్తే బయటి బట్ట తెచ్చి కుట్టేవాళ్ళకి ఇబ్బంది, కానీ దారం తెచ్చుకుని అక్కడే నిట్ చేసేవాళ్ళకి ఇబ్బంది లేదు. అంటే మన దారానికి గిరాకీ పెరిగే అవకాశం కూడా ఉంది. అచ్చుతాపురంలో శ్రీలంక కంపెనీ బ్రాండిక్స్, వరంగల్ కాకతీయ టెక్స్ టైల్ పార్క్ లో కొరియా కంపెనీ యంగ్ వన్ ఉన్నాయి కదా, ఇలాంటి కంపెనీలు ఒక దేశంలో ఫ్యాక్టరీ పెట్టేటప్పుడు కూలీ, కరెంటుతో పాటు అక్కడ కుడితే ఏ మార్కెట్ కి ఎంత డ్యూటీ అన్న టేబుల్ కూడా వేసుకునే వస్తాయి.

మీ వరకు చేయాల్సింది ఏంటంటే, బట్ట బుక్ చేసే ముందే ఒప్పందంలో మీ కోడ్ ఎదురుగా ఉన్న రూలు చదవండి, చైనా నుంచి బట్ట తెప్పిద్దామనుకుంటే ఆ చవకతనం వల్ల రాయితీ పోతుందా చూడండి. సర్టిఫికేట్ ఆఫ్ ఒరిజిన్ (సరుకు ఏ దేశానిదో చెప్పే కాగితం) డీజీఎఫ్టీ, అంటే కేంద్రం విదేశీ వాణిజ్య శాఖ, ఆన్ లైన్ ప్లాట్ ఫామ్ లో అప్లై చేయాలి, టెక్స్ టైల్స్ కమిటీ లాంటి సంస్థలు ఇస్తాయి. సరుకు కొలంబోలోనో సింగపూర్ లోనో ఓడ మారితే మధ్యలో ఏమీ మార్చలేదని చూపించే బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ రవాణా కాగితం) మొదట్నుంచి చివరిదాకా ఒక్కటిగా ఉండేలా ఫార్వర్డర్ (సరుకు పంపే ఏజెంట్) కి ముందే చెప్పండి, లేకపోతే అన్నీ సరిగ్గా ఉండి కూడా అక్కడ ఆపేస్తారు.

మనుషుల్ని ఎలా చూస్తారన్నది కూడా డ్యూటీలో భాగమే

2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడలు పగుళ్ళిచ్చాయి, అయినా పనిలోకి రమ్మన్నారు. ఆ తర్వాతే బ్రాండ్లు, యూనియన్లు కలిసి ఫైర్, బిల్డింగ్ సేఫ్టీ మీద కట్టుబడి ఉండాల్సిన అకార్డ్ ఒకటి రాసుకున్నాయి. ఆడిట్ కి వచ్చినవాళ్ళు మెట్ల వెడల్పు, తాళం వేసిన తలుపులు, ఎమర్జెన్సీ లైట్లు అడుగుతుంటే విసుక్కునేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ చెక్ లిస్ట్ లో ప్రతి లైన్ వెనకాల ఎవరో ఒకరి ప్రాణం ఉంది.

దేశాల స్థాయిలో కూడా ఇదే. మానవ హక్కుల కారణాలతో యూరప్ 2010 ఆగస్ట్ లో శ్రీలంకకి జీఎస్పీ ప్లస్ అనే డ్యూటీ రాయితీ ఆపేసింది, తిరిగి ఇచ్చింది 2017లో. కంబోడియాకి 2020 ఆగస్ట్ 12 నుంచి కొన్ని బట్టల మీద జీరో డ్యూటీ తీసేసింది. అక్కడ ఫ్యాక్టరీలో ఏ తప్పూ చేయని ఓనర్ కూడా ఆ రోజు నుంచి డ్యూటీ భారం మోయాల్సి వచ్చింది.

మన దగ్గర సంగతి కూడా దాచుకోకూడదు. అమెరికా కార్మిక శాఖ బాల కార్మికులతో తయారయ్యే సరుకుల లిస్ట్ లో ఇండియా పత్తి, హైబ్రిడ్ పత్తి విత్తనాలు ఉన్నాయి. కర్నూలు, గద్వాల వైపు విత్తన పత్తి ప్లాట్లలో క్రాసింగ్ పనికి పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని పెట్టడం గురించి ఇరవై ఏళ్ళకి పైగా రిపోర్టులు వస్తూనే ఉన్నాయి. బయ్యర్ అడిగితే "మా ఫ్యాక్టరీలో పిల్లలు లేరు" అంటే సరిపోదు, పొలం దాకా అడుగుతున్నారు, అడగాలి కూడా.

పత్తి ఫైలు కట్టడం

2022 జూన్ 21 నుంచి అమెరికాలో ఉయ్గర్ ఫోర్స్డ్ లేబర్ చట్టం అమల్లో ఉంది. చైనాలో ఉయ్గర్లు ఉండే షిన్ జియాంగ్ లో పూర్తిగా గానీ కొంతగా గానీ తయారైన ఏ సరుకైనా బలవంతపు చాకిరీతో చేసిందే అని ముందే అనుకుంటారు, కాదని నిరూపించుకోవాల్సింది ఇంపోర్టరే. పత్తి ఆ చట్టంలో ముఖ్యంగా చూసే సరుకు. మీరు ఇండియాలో కుట్టినా సరే, బట్టలోకి ఆ పత్తి ఎక్కడైనా వచ్చిందన్న అనుమానం ఉంటే కంటైనర్ పోర్ట్ లో ఆగుతుంది, గడువు లోపల కాగితాలు చూపించాలి. ఆ టైమ్ లో మిల్లులకి ఫోన్లు చేసి బిల్లులు వెతికించడం అయ్యే పని కాదు, ముందే ఫైలు ఉండాలి.

ఫైలు ఎలా ఉండాలంటే, కార్టన్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి పొలం దాకా నడవగలగాలి. ప్యాకింగ్ లిస్ట్ లో పీఓ (పర్చేజ్ ఆర్డర్) నంబర్, దాని వెనక కటింగ్ రిపోర్ట్, అందులో ఏ రోల్స్ వాడారో రోల్ నంబర్లు, ఆ రోల్స్ ఏ డై లాట్ (ఒకేసారి రంగు వేసిన బ్యాచ్) వి, గ్రే బట్ట (రంగు వేయని బట్ట) ఏ నిట్టింగ్ యూనిట్ నుంచి ఏ చలాన్ మీద వచ్చింది, దానికి వాడిన దారం లాట్ నంబర్, స్పిన్నింగ్ మిల్లు ఇన్వాయిస్, ఆ లాట్ లోకి ఏ బేళ్ళు వేశారో మిక్సింగ్ రికార్డు, బేల్ మీద ఉండే ప్రెస్ నంబరు, జిన్నింగ్ మిల్లు బిల్లు, ఆ జిన్ను ఏ మార్కెట్ యార్డులో కొన్నది, కాటా చీటీ. ప్రతి అంచెకీ ఈ-వే బిల్లు, లారీ రసీదు, డబ్బు కట్టినట్టు బ్యాంక్ ఎంట్రీ పెట్టండి, ఎందుకంటే ఇన్వాయిస్ ఎవరైనా ప్రింట్ చేయగలరు గానీ అన్నీ కలిపి ఒకదానితో ఒకటి సరిపోయేలా పుట్టించడం కష్టం.

తర్వాత బరువులు కలవాలి. ఒక టీషర్ట్ కి వేస్టేజ్ తో కలిపి 220 గ్రాముల దారం పడుతుందనుకుంటే టన్ను దారంతో దాదాపు 4,500 ముక్కలు వస్తాయి. మీ ఫైల్లో టన్ను దారం బిల్లు పెట్టి 7,000 ముక్కల షిప్ మెంట్ చూపిస్తే మిగతా దారం ఎక్కడిది అన్న ప్రశ్న వస్తుంది, అక్కడితో ఫైలు మొత్తం మీద నమ్మకం పోతుంది. ఈ విషయంలో మనకో సౌలభ్యం ఉంది, ఆదిలాబాద్ లోనో వరంగల్ ఎనుమాముల యార్డులోనో కొన్న పత్తి గుంటూరు మిల్లులో దారం అవుతుంటే దారి చిన్నది, మనుషులు తెలిసినవాళ్ళు, అడిగితే కాగితం దొరుకుతుంది. దీన్ని బయ్యర్ కి అమ్ముకోవాలి, చాలామంది అమ్ముకోవట్లేదు. ఇదే ఫైలు ఒరిజిన్ సర్టిఫికేట్ కి పనికొస్తుంది, 2027 డిసెంబర్ 14 నుంచి యూరప్ లో అమలయ్యే ఫోర్స్డ్ లేబర్ నిషేధానికీ పనికొస్తుంది, రేపు బట్టలకి డిజిటల్ ప్రొడక్ట్ పాస్ పోర్ట్ (సరుకు వివరాలన్నీ ఉండే డిజిటల్ రికార్డు) వచ్చినప్పుడు దానికీ ఇవే వివరాలు.

కెమికల్స్, సర్టిఫికేట్లు

కెమికల్స్ లో బేరం ఉండదు. యూరప్ లో నిషేధించిన అజో డైల నుంచి వచ్చే అమీన్లు కిలోకి 30 మిల్లీగ్రాములు దాటితే సరుకు అమ్మకూడదు, ఫార్మాల్డిహైడ్ పరిమితి కిలోకి 75 మిల్లీగ్రాములు. నీళ్ళు అంటకుండా చేసే ఫినిష్ వాడితే పీఫాస్ అనే కెమికల్స్ ఉన్నాయా అడగండి, కాలిఫోర్నియా 2025 జనవరి నుంచి, ఫ్రాన్స్ 2026 జనవరి నుంచి బట్టల్లో దాన్ని ఆపేశాయి. డైయింగ్ యూనిట్ కి పీఓ ఇచ్చేటప్పుడే బయ్యర్ నిషేధిత కెమికల్స్ లిస్ట్ జతచేసి సంతకం పెట్టించుకోండి, బల్క్ అయిపోయాక టెస్ట్ ఫెయిలైతే సరుకంతా మీ నెత్తినే. మురుగునీళ్ళ సంగతి కూడా చూడండి. 2011 జనవరిలో మద్రాస్ హైకోర్టు నొయ్యల్ నదిని కాపాడ్డానికి తిరుపూర్ డైయింగ్ యూనిట్లన్నీ మూసేయమంది, వందల యూనిట్లు ఒక్కసారిగా ఆగిపోయాయి, ఊరంతా అల్లాడింది. తర్వాత చుక్క నీరు బయటికి వదలని ప్లాంట్లు పెట్టుకున్నారు, ఖర్చు పెరిగింది, ఇవాళ అదే చూపించి బయ్యర్ల దగ్గర మంచి రేటు అడగగలుగుతున్నారు.

సర్టిఫికేట్ల విషయంలో ఒకదాన్ని ఇంకోటి అనుకోకండి. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 అంటే ఆ బట్టలో హానికర పదార్థాలు లేవని టెస్ట్ చేశారు అంతే, ఆర్గానిక్ అని కాదు. గాట్స్ (గ్లోబల్ ఆర్గానిక్ టెక్స్ టైల్ స్టాండర్డ్) అంటే కనీసం 70 శాతం ఆర్గానిక్ ఫైబర్ ఉండాలి, పైగా ప్రాసెసింగ్, కార్మికుల రూల్స్ కూడా ఉన్నాయి. మిల్లువాళ్ళు స్కోప్ సర్టిఫికేట్ చూపించి ఆర్గానిక్ దారం అంటారు, అది ఆ మిల్లుకి చేసే అర్హత ఉందని మాత్రమే. మీరు కొన్న ఆ లాట్ కి ట్రాన్సాక్షన్ సర్టిఫికేట్ వేరే ఉండాలి. అది కూడా నంబర్ తో జారీ చేసిన సంస్థ దగ్గర సరిచూసుకోండి. 2020లో ఇండియా నుంచి 20,000 టన్నుల పత్తికి దొంగ సర్టిఫికేట్లు వచ్చాయని గాట్స్ సంస్థే బయటపెట్టింది. నిజంగా మందులు కొట్టకుండా పండించిన రైతుకి రేటు రాకుండా పోయేది ఇలాంటి పనుల వల్లే. లేబుల్ మీద "ఎకో ఫ్రెండ్లీ", "గ్రీన్" అని ఊరికే రాయించుకోవడం కూడా ఆపండి, రుజువు లేని అలాంటి మాటల్ని యూరప్ 2026 సెప్టెంబర్ 27 నుంచి నిషేధిస్తోంది.

చిన్నగా అమ్మేవాళ్ళకి, ఇంకా కాంట్రాక్ట్ లో రాసుకోవాల్సినవి

ఇన్ స్టాగ్రామ్ లో చీరలు, డ్రెస్సులు అమెరికాలో ఉన్న మనవాళ్ళకి పార్సిల్ చేసేవాళ్ళు చాలామందే ఉన్నారు. 800 డాలర్ల లోపు పార్సిల్ కి డ్యూటీ లేదన్న రోజులు 2025 ఆగస్ట్ 29తో పోయాయి. కోడ్, ఫైబర్, విలువ నిజంగా రాయండి, డ్యూటీ ఎవరు కడతారో ఆర్డర్ తీసుకునేటప్పుడే చెప్పండి, లేకపోతే అక్కడ ఆంటీ వెయ్యి రూపాయల డ్యూటీ కట్టనని పార్సిల్ వెనక్కి పంపిస్తే రెండువైపులా ఖర్చు మీదే.

పెద్ద ఆర్డర్లు చేసేవాళ్ళకి, పీఓ లో రేటు పక్కన ఏ డ్యూటీ అనుకుని ఈ రేటు ఇచ్చామో ఒక లైన్ రాయించుకోండి. 2025 ఆగస్ట్ 27న మన సరుకు మీద అమెరికా అదనపు టారిఫ్ 50 శాతానికి వెళ్ళినప్పుడు అప్పటికే కుట్టేసి ఉన్న సరుకు మీద డిస్కౌంట్ ఎవరు భరించాలన్న గొడవ అన్ని చోట్లా వచ్చింది, కాంట్రాక్ట్ లో ఏమీ లేనివాళ్ళు బయ్యర్ చెప్పినదానికి తలూపాల్సి వచ్చింది. డ్యూటీ మారితే భారం ఎలా పంచుకోవాలి, కాగితాల వల్ల సరుకు పోర్ట్ లో ఆగితే డెమరేజ్ (ఆగినన్ని రోజులకి పడే ఛార్జీ) ఎవరిది, అదనపు టెస్టుల ఖర్చు ఎవరిది, ఈ మూడూ రాతలో ఉండాలి. బయ్యర్ మొదట ఒప్పుకోకపోవచ్చు, అయినా అడగండి, పత్తి ఫైలు టేబుల్ మీద పెట్టి అడిగితే వినేవాళ్ళు ఉన్నారు. ఆ ఫైలు షిప్ మెంట్ అయ్యాక అటక మీద పడేయకుండా ఐదేళ్ళు స్కాన్ చేసి ఉంచండి, కస్టమ్స్ వాళ్ళు అంతకాలం వెనక్కి వెళ్ళి అడగొచ్చు.